మంచం కింద ఇత్తడి ట్యాపు

మెకానిక్‌కి తన చెవుల మీద ఉన్న నమ్మకం కట్టుకున్న భార్య మీద కూడా లేదు. బానెట్ ఎత్తకుండానే, ఇంజిన్ చప్పుడు విని రోగమేమిటో చెప్పేస్తాడు. చెప్పి ఊరుకుంటాడా అంటే అదీ లేదు, ఎదుటివాడు ఒప్పుకునేదాకా వదలడు. అలాంటి మనిషిని చెల్లెలి ఇంటిబండి నాలుగు రోజులుగా మూడు చెరువుల నీళ్లు తాగిస్తోంది.

ఇంటిబండి అంటే నిజంగా ఇల్లే. పాత పెట్రోల్ వ్యాను. ముందు రెండు సీట్లు, ఒక తెర, తెర అవతల పొయ్యి, సింకు, చిట్టచివర అడ్డంగా ఒక మంచం. చెల్లెలి మొగుడు డ్రాయింగ్ మాస్టారు. కొండ అవతలి స్కూల్లో ఉద్యోగమైతే వచ్చింది కానీ అద్దెకి ఇల్లు దొరకలేదు. ఎవరో వదిలించుకుంటుంటే ఈ బండి కొన్నాడు. సోమవారానికల్లా పెళ్లాన్నీ ఎనిమిది నెలల పాపనీ ఎక్కించుకుని కొండ దాటాలి. లేకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

బండేమో కొండెక్కనంటోంది. చదును మీద లేడిపిల్లలా పరుగెడుతుంది. సగం ఎత్తు ఎక్కాక రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. అందరూ దిగి ఒక పావుగంట గాలికి నిలబడితే, ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది.

"పెట్రోల్ అందట్లేదు బావా, అంతే," అన్నాడు మెకానిక్ మొదటిరోజే. "రెండు గంటల పని."

ఆ రెండు గంటలూ నాలుగు రోజులయ్యాయి. ఫిల్టర్ మార్చాడు. కార్బరేటర్ విప్పి కడిగాడు. ట్యాంకు దింపి లోపలి తుప్పంతా వదలగొట్టాడు. పంపు కొత్తది వేశాడు. ఒక్కో పని అయ్యాక "ఇప్పుడు చూడు" అనేవాడు. చూస్తే మళ్లీ అదే మలుపు దగ్గర అదే దగ్గు. మాస్టారు మంచివాడు కాబట్టి నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే మెకానిక్‌కి ఎక్కువ మండింది.

మూడోరోజు బండి ఆగగానే బానెట్ ఎత్తి చూస్తే ఒక సంగతి దొరికింది. పంపులోకి వెళ్లే రబ్బరు గొట్టం లోపలికి పీల్చుకుపోయి, తొక్కేసినట్టు చదునుగా ఉంది. అంటే వెనక ఎక్కడో పెట్రోల్ దారి మూసుకుపోయింది. అతను దాన్నే చూస్తూ నిలబడ్డాడు. చెల్లెలు పాపనెత్తుకుని దిగి రోడ్డు పక్క రాయి మీద కూర్చుంది. కాసేపటికి గొట్టం మెల్లగా ఉబ్బి గుండ్రంగా అయింది. మూసినవాళ్లెవరో మళ్లీ తెరిచినట్టుంది.

"అన్నయ్యా, ఈ బండెక్కితే చాలు, తల దిమ్మెక్కిపోతోంది," అంది చెల్లెలు నుదురు నొక్కుకుంటూ. "పాపా అంతే. ఇంట్లో కునుకు తీయదు, ఇందులో మాత్రం మొద్దునిద్ర."

"మెలికల దారి కదమ్మా, అలాగే ఉంటుంది. వెనక పడుకుని కళ్లు మూసుకో," అన్నాడు అతను, గొట్టం మీంచి చూపు తిప్పకుండానే.

శనివారం అతను పంతం పట్టాడు. ఒక్కడే కొండెక్కాడు. బండి ఆగలేదు. మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కాడు. ఆగలేదు. బరువు వల్లేమోనని మంచం మీద రెండు ఇసుక బస్తాలు పడేసి ఎక్కాడు. అప్పుడూ ఆగలేదు. చివరికి చెల్లెల్నీ పాపనీ వెనక పడుకోబెట్టి ఎక్కాడు.

ఆగింది.

లెక్క తేలింది. మంచం మీద మనిషి పడుకుంటేనే బండి ఆగుతోంది. ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి రోగం పేరు అతను వినలేదు. ఆ మాట పైకి అంటే మాస్టారు ఈసారి తప్పకుండా నవ్వుతాడు. అందుకని ఏమీ అనకుండా షెడ్డుకి తిరిగొచ్చి పరుపు ఎత్తాడు.

పరుపు కింద చెక్క. చెక్కకి ఆరు స్క్రూలు. తలలు తుప్పు పట్టి చెక్కలో కలిసిపోయాయి. ఒక్కటీ తిరగలేదు, ఆరింటినీ డ్రిల్లింగ్ మెషీన్‌తో తొలిచేయాల్సి వచ్చింది. చెక్క లేపగానే మూసి ఉంచిన పాత వాసన గుప్పుమంది. లోపల వేలెడు మందాన దుమ్ము. ఆ దుమ్ములో ట్యాంకు నుంచి వచ్చే పెట్రోల్ పైపు, పైపు మధ్యలో చిన్న ఇత్తడి ట్యాపు. దాని పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. ఒక మూలన మసి కూడా కనిపించింది కానీ, పాత బండి కదా, మసి లేకపోతేనే వింత అనుకున్నాడు.

మాస్టారు టార్చి దగ్గరగా పెట్టాడు. చెక్క కింది పెట్టెలో అన్నింటి మీదా దుమ్ముంది. పిడి మీద మాత్రం లేదు. రోజూ వాడే తలుపు గడియలా నున్నగా మెరుస్తోంది. పక్కనే దుమ్ములో నాలుగు వేళ్ల గుర్తులు... సన్నగా, పొడుగ్గా.

"బావగారూ..." మాస్టారి గొంతు గుసగుసగా వచ్చింది. "ఈ చెక్క ఇప్పుడు మనమే కదా తెరిచింది?"

"కుదుపులకి పిడి తిరుగుతోంది బావా. వదులైపోయింది."

"కుదుపులకి మూసుకుందే అనుకుందాం. మరి మళ్లీ ఎలా తెరుచుకుంటోంది?"

మెకానిక్ ఆ మాట వినపడనట్టు రెంచీ అందుకున్నాడు. ట్యాపు ఊడదీశాడు. ఆ చోట తిన్నని పైపు బిగించాడు. చెక్క వేసి, పరుపు పరిచి, ట్యాపుని ప్యాంటు జేబులో వేసుకున్నాడు. మూసేందుకు ఏమీ లేకపోతే ఎలా మూసుకుంటుందో చూస్తానన్నట్టు చేతులు తుడుచుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం బయల్దేరేసరికి వాన పట్టుకుంది. కిటికీలన్నీ మూసేశారు. చెల్లెలు పాపని పక్కలో వేసుకుని వెనక పడుకుంది. అతను స్టీరింగు పట్టుకున్నాడు, మాస్టారు పక్కన కూర్చున్నాడు. అద్దం మీద వైపరు కీచు కీచుమంటోంది. వేడెక్కిన ఇంజిన్ వాసన, తడి బట్టల వాసన. రోడ్డు మీద ఇంకో బండి లేదు.

రోజూ ఆగే మలుపు వచ్చింది. బండి దగ్గలేదు. రెండో గేరులో, నిండుగా, ఒకే శ్రుతిలో ఎక్కేస్తోంది. మలుపు దాటాక మెకానిక్ మొహం చూడాలి, ఇంజిన్‌ని తనే కనిపెట్టినట్టుంది.

"విన్నావా బావా ఆ చప్పుడు? దాన్నంటారు పికప్ అని!"

అప్పుడే తొడ మీద ఏదో గుచ్చుకుంది.

జేబులో ట్యాపు. చెయ్యి పెట్టి తడిమాడు. పిడి అడ్డంగా తిరిగి ఉంది. రాపిడికి తిరిగుంటుందిలే అనుకుని వేలితో తిన్నగా తిప్పాడు. ఇంకో మలుపు. మళ్లీ గుచ్చుకుంది. మళ్లీ అడ్డంగా.

తిన్నగా తిప్పి, ఈసారి బొటనవేలితో నొక్కిపట్టాడు.

వేలి కింద పిడి కదిలింది. జారడం కాదు... తోయడం. అవతలి వైపు నుంచి ఇంకో చెయ్యి తిప్పుతోంది. మెల్లగా మొదలైంది. తర్వాత తొందర తొందరగా... బలంగా... బతిమాలుతున్నట్టు.

"ఏమైంది బావగారూ? మొహం అలా అయిపోయిందేం?"

అతనికి ఎందుకో మసి గుర్తొచ్చింది. చెల్లెలి తలదిమ్ము గుర్తొచ్చింది. పాప మొద్దునిద్ర. దిగి గాలికి నిలబడ్డ పావుగంటలు.

"అమ్మాయ్!" అని కేకేశాడు. "అమ్మాయ్, పలుకు!"

తెర వెనక ఏ అలికిడీ లేదు. ఇంజిన్ మాత్రం హాయిగా పాడుతోంది.

బ్రేకు మీద నిలబడ్డాడు. ఇద్దరూ సీట్ల మీంచి వెనక్కి దూకారు. చెల్లెలు కళ్లు మూసుకుని ఉంది. బుగ్గలు కందిపోయి ఎర్రగా ఉన్నాయి. మాస్టారు ఆమెని చంకల కింద పట్టి ఈడ్చుకుపోయాడు. మెకానిక్ పాపని ఎత్తుకుంటే మెడ నిలబడలేదు. వానలోకి దూకి, పాపని బోర్లా వేసుకుని వీపు చరిచాడు. "నా తల్లీ... ఏడువమ్మా... ఒక్కసారి ఏడువు..." జీవితంలో ఎవరినీ బతిమాలని మనిషి, పసిగుడ్డుని బతిమాలుతూ బావురుమన్నాడు.

ఎంతసేపో తెలియదు. చెల్లెలు వాంతి చేసుకుంది. పాప ఒక్కసారి వెక్కి, గుక్కపట్టి ఏడ్చింది. అతని చెవులు విన్న చప్పుళ్లన్నింటిలోకీ అదే గొప్పది.

పాపని మాస్టారి చేతికిచ్చి జేబులో చెయ్యి పెట్టాడు. పిడి తిన్నగా ఉంది.

తర్వాత చూస్తే అంతా తేటతెల్లమైంది. మంచం కింద సైలెన్సర్ గొట్టం చిట్లి ఉంది. ఎత్తు ఎక్కుతూ ఇంజిన్ కష్టపడ్డప్పుడల్లా ఆ చీలిక విచ్చుకుని, బండి నేలకున్న కంతలోంచి పొగ పరుపు కిందికి వస్తోంది. బండి ఆగిపోవడమే వాళ్లని ఇన్నాళ్లూ బతికించింది. "తప్పు నాది," అన్నాడు మెకానిక్. ఆ మాట అతని నోట వినడం చెల్లెలికి అదే మొదటిసారి. ఆ మంచం మీద అంతకుముందు ఎవరు పడుకునేవారో, బండి అమ్మినవాడు చెప్పలేదు. మాస్టారు మళ్లీ వెళ్లి అడిగితే తలుపేసుకున్నాడు.

బండిని తుక్కుకి ఇచ్చేశారు. మాస్టారు బస్సులో వెళ్లి ఉద్యోగంలో చేరాడు. ట్యాపుని మాత్రం మెకానిక్ పారేయలేకపోయాడు. శుభ్రంగా తుడిచి, పిడి తిన్నగా పెట్టి, ఇంట్లో కిటికీ గూట్లో ఉంచాడు.

మూడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి తుడుచుకుంటూ గూటి వైపు చూశాడు.

పిడి అడ్డంగా ఉంది.

పై ప్రాణాలు పైనే పోయాయి. లోపల పడుకున్న భార్యని రెక్క పట్టుకుని లేపాడు. ఆమె శుభ్రంగా లేచి కూర్చుంది. గ్యాసు చూశాడు, కట్టేసే ఉంది. కరెంటు మెయిన్ ఆపాడు. కిటికీలన్నీ బార్లా తెరిచాడు. షెడ్డులో ఏ ఇంజినూ నడవడం లేదు. ఎక్కడా పొగ లేదు, వాసన లేదు. అయినా భార్యని పెరట్లోకి లాక్కొచ్చాడు, ఇంకో చేతిలో ట్యాపు పట్టుకుని.

"ఏం పుట్టింది మీకు? నిద్రపోయే మనిషిని ఎండలో నిలబెట్టారు!"

"గాలికి నిలబడు. పావుగంట. అదే తెరుచుకుంటుంది."

పావుగంటయింది. అరగంటయింది. గాలి హాయిగా వీస్తోంది. పిడి తెరుచుకోలేదు. తనే బొటనవేలితో తిన్నగా తిప్పాడు.

"ఇప్పుడైనా లోపలికి పోదామా?" అంది భార్య.

అతని వేలి కింద పిడి మెల్లగా అడ్డం తిరిగింది.