పళ్ళ పేస్టుతో తోమిన డాలర్

విన్నిపెగ్‌లో నెలనెలా జరిగే నాణేల సంతలో పాత నాణేల బల్ల పెట్టే ఓడిల్‌తో మాట కలపాలని వెండెల్ ఎన్నాళ్ళుగానో చూస్తున్నాడు. ఆ పిల్లేమో నాణెం తప్ప మనిషి ముఖం చూసే రకం కాదు. అందుకే ఈ ఆదివారం బామ్మ ఇచ్చిన వెండి డాలర్ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. పక్కనే ఆమె నాన్న లూసియెన్ డోనట్ తింటున్నాడు.

"ప్రూఫ్ నాణెమండీ. ఎలా మెరుస్తోందో చూడండి!" అన్నాడు వెండెల్.

ఓడిల్ నూలు చేతొడుగులు సర్దుకుని, డాలర్‌ని అంచులు మాత్రమే పట్టుకుని దీపం కింద తిప్పింది. దాని మీద ఎగిరే బాతు రెక్కలు అరిగి నున్నగా ఉన్నాయి. ఆమె ముఖం ఎర్రబడింది.

"దేంతో తోమారు?"

"పళ్ళ పేస్టుతో," అన్నాడు గర్వంగా.

"దేవుడా! నాణేన్ని చంపేసి పైగా సంబరమా?"

పక్క బల్లల వాళ్ళంతా తిరిగి చూశారు. వెండెల్‌కి తల కొట్టేసినట్టయింది.

"మెరిస్తే ప్రూఫ్ కాదా మరి?"

"కాదు. ప్రూఫ్ అంటే సేకరించేవాళ్ళ కోసం ప్రత్యేకంగా కొట్టేది; ఆ మెరుపు అచ్చు వేసేటప్పుడే వస్తుంది. బొమ్మ చుట్టూ ఉన్న చోటు అద్దంలా, బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా ఉంటాయి. స్పెసిమెన్ అనే ఇంకో రకమైతే బొమ్మ చుట్టూ సన్నటి గీతలుంటాయి, బొమ్మ మెరుస్తుంది. మీది వాడుక కోసం కొట్టిన మామూలు డాలర్. మామూలుదైనా పదిలంగా దాచితే దానికీ మంచి గ్రేడే, మంచి ధరే వస్తుంది. మీరు చేజేతులా పాడుచేశారు."

"బామ్మ దీన్ని ఒక్కసారి కూడా తుడవలేదు," అన్నాడు వెండెల్. "నేనే తోమాను. మీరు ఒక్కసారి తలెత్తి చూస్తారని."

ఓడిల్ తలెత్తింది. అతని కళ్ళు గోధుమరంగువని ఆమెకి ఇప్పుడే తెలిసింది.

"నా కోసమా?"

"పోయిన నెల ఎవరితోనో ప్రూఫ్ అంటే ప్రాణమన్నారుగా!"

"పిచ్చోడా! నన్నడిగితే చెప్పేదాన్నిగా?"

"అడిగే ధైర్యముంటే పేస్టెందుకు?"

లూసియెన్ నవ్వాపుకోలేక దగ్గాడు. "బల్ల నేను చూసుకుంటాలేమ్మా. మీరెళ్ళి కాఫీ తాగిరండి."

ఓడిల్ చేతొడుగులు విప్పింది. ఆమె ఉత్త చేత్తో నాణేన్ని తాకగా ఆ సంతలో ఎవరూ చూడలేదు. బాతు రెక్క మీద మెల్లగా బొటనవేలు ఆనించింది.

"ఇక దీన్ని ఎలా పట్టుకున్నా ఫరవాలేదు," అంటూ డాలర్‌ని వెండెల్ అరచేతిలో పెట్టింది. పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.