వేలికి అందే గీత

ఇంటి వెనక రేకుల షెడ్డులో కరెంటు రంపం రయ్యిమంటే ఆ ఇంట్లో తెల్లవారినట్టే. ఆ మోతకు అలవాటు పడిన కూతురు ముందుగదిలో మిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కాకు కాలరు కుడుతోంది. ఉన్నట్టుండి మోత ఆగింది. చెక్క తెగాక ఆగే ఆగడం కాదది, మధ్యలో ఆగింది. ఆ తేడా ఆమె చెవికి తెలుసు. సూది కిందే గుడ్డ వదిలేసి పరుగెత్తింది.

తండ్రి స్టూలు మీద కూర్చుని, బొటనవేలిని తువ్వాలుతో నొక్కిపట్టుకుని ఉన్నాడు. పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్లు ఉత్తరాలు వేరుచేసిన చేతులవి. ఉద్యోగం అయిపోయాక పుస్తకాలు చూసి, వడ్రంగుల పక్కన గంటలకొద్దీ నిలబడి ఆ పని నేర్చుకున్నాడు. ఇంట్లో బల్లలు, అలమార, ఆమె దారపు ఉండలు దాచుకునే గూళ్ల పెట్టె, అన్నీ ఆయన చేసినవే.

"ఏం లేదమ్మా, కాస్త గీసుకుంది."

"నెలలో ఇది మూడోసారి నాన్నా. పోయినసారి కూడా గీసుకుందనే అన్నావు. నాలుగు కుట్లు పడ్డాయి."

"కుట్లంటే నీకు భయమేంటే? రోజూ వెయ్యి వేస్తావు."

ఆమెకు నవ్వు రాలేదు. తల్లి వచ్చి గాయం కడిగి కట్టు కట్టింది. ముగ్గురూ వంటింట్లోకి చేరారు. టీ పెట్టారు గానీ ఎవరూ తాగలేదు.

"ఆ సామానంతా ఇవాళే మూటగట్టి ఎవరికైనా ఇచ్చేస్తాను" అంది కూతురు.

"ఇచ్చెయ్. ఉలితోపాటు నన్ను కూడా ఇచ్చెయ్. తీసుకునేవాడు దొరుకుతాడేమో కనుక్కో."

"మాటలకేం కొదవ లేదు. వేలు తెగి పడితే?"

"తెగితే నా వేలు!"

"నీ ఒక్కడిదేనా? మేమేం కామా నీకు?"

"ఊరుకోవే" అంది తల్లి మెల్లగా. "ఆయనకున్నది అదొక్కటే."

"నువ్విలా వెనకేసుకొచ్చే ఇంతదాకా తెచ్చావు" అని విసురుగా లేచి, ఖాళీ అట్టపెట్టె ఒకటి పట్టుకుని షెడ్డులోకి నడిచింది.

ఉలులు, సుత్తి, మూలమట్టం ఒక్కొక్కటే పెట్టెలో వేస్తోంది. గోడకు మేకు మీద టేపు వేలాడుతోంది. దాని నిండా దుమ్ము. పక్కనే దారంతో కట్టిన పుల్లల కట్టలు. తీసి చూసింది. ఒక్కో పుల్ల మీద చాకుతో కోసిన గంట్లు, ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండు. కోయాల్సిన చెక్కల మీద పెన్సిలు గీత ఒక్కటీ లేదు. ప్రతి గీతా చాకుతో, గోరు దిగేంత లోతుగా ఉంది.

తనకు కుట్టుపని నేర్పిన మాస్టరు గుర్తొచ్చాడు. చివరి రోజుల్లో టేపు ముట్టుకోకుండా పాత కొలతల అట్టముక్కలనే గుడ్డ మీద పెట్టి కత్తిరించేవాడు. అనుభవమంటే అదీ అని అందరూ మెచ్చుకున్నారు. ఒకరోజు సూదిలో దారం ఎక్కించలేక కూర్చుని ఏడ్చాడు.

ఆమె పుల్లను కింద పెట్టింది. టేపు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

"నాన్నా, నా వేలు ఏ అంకె మీద ఉందో చెప్పు."

ఆయన టేపును దగ్గరికి తెచ్చాడు. పక్కకు తిప్పాడు. మళ్లీ దగ్గరికి తెచ్చాడు.

"ఇక్కడ వెలుతురు చాలదమ్మా" అన్నాడు.

కిటికీలోంచి ఎండ ఆయన ఒళ్లోనే పడుతోంది.

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆర్నెల్లుగా పేపరు నేనే చదివి వినిపిస్తున్నానే. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు."

"ఎందుకు నాన్నా?"

"తెలిస్తే ముందు రంపం తీసేస్తారు. తర్వాత ఒంటరిగా వీధిలోకి పంపరు. ఆఖరికి కుర్చీలో కూర్చోబెట్టి, ఏం కావాలన్నా పిలువు అంటారు." ఆయన టేపును పక్కన పెట్టాడు. "చేతిరంపంతో నాకేం ఇబ్బంది లేదమ్మా. గీత వేలికి అందుతుంది, పళ్లు ఆ గాటులోనే దిగుతాయి. కరెంటుది మాత్రం ఆగి నా వేలి మాట వినదు."

"మరి దాన్నెందుకు ముట్టుకుంటున్నావు?"

ఆయన వేలి కట్టు సర్దుకున్నాడు.

"పొద్దున్నే దాని మోత వినపడకపోతే నీకు అనుమానం వస్తుందని."

ఆమె ఆయన మోకాళ్ల దగ్గర కూలబడింది. ఇన్నాళ్లూ ఆ మోత వింటూ, నాన్న హాయిగా ఉన్నాడనుకుని, నిశ్చింతగా మిషను తొక్కుకుంది తను. కట్టు కట్టిన చేతిని చెంపకు ఆనించుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆయన రెండో చేత్తో తడుముకుంటూ ఆమె తల నిమిరాడు.

మర్నాడు కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పోయిన చూపు తిరిగి రాదన్నాడాయన. చుక్కల మందు ఒక్కపూట కూడా మానకుండా వేసుకుంటే ఉన్నది నిలుపుకోవచ్చన్నాడు. సాయంత్రానికి కరెంటు రంపం సందు చివర కుర్చీల దుకాణానికి వెళ్లిపోయింది. అట్టపెట్టెలోని ఉలులు తిరిగి వాటి గూళ్లలోకి చేరాయి. ఏ ఉలి ఎక్కడుండాలో ఆయన చెబుతుంటే ఆమె సర్దింది.

వేలు మానాక ఒక ఆదివారం, ఇద్దరూ కొత్త స్టూలు మొదలుపెట్టారు. గీత గీసే పని ఆమెది. టేపు చూసి, మూలమట్టం ఆనించి, చాకుతో జాగ్రత్తగా గాటు పెట్టింది. ఆయన తన కొలతపుల్ల పక్కన పెట్టి గీత మీద వేలు జరిపాడు.

"అర అంగుళం ఎక్కువుందే."

"లేదు నాన్నా, చూసే గీశాను..."

అంటూనే నాలుక కరుచుకుంది. ఇన్నేళ్లూ ప్రతి గుడ్డకూ కుట్టు కోసం అర అంగుళం వదిలిన చెయ్యి, చెక్కకూ వదిలేసింది.

"చెక్కను కూడా మడిచి కుడతావటే?"

గుమ్మంలో నిలబడ్డ తల్లి ముందు నవ్వింది. తర్వాత కూతురు నవ్వింది, కళ్లలో నీళ్లతోనే. ఆయన ఆమె వేలు పట్టుకుని పుల్ల మీది గంటు దగ్గర పెట్టాడు.

"కళ్లు మూసుకో. ఇప్పుడు చెక్క మీదికి జరుపు. తేడా దొరికిందా?"

"దొరికింది నాన్నా."

సరైన చోట కొత్త గీత పెట్టింది. ఆయన ఒకసారి తడిమి చూసి తల ఊపాడు. ఆమె రంపం పిడి ఆయన చేతికి అందించి, చెక్క కదలకుండా రెండు చేతులతో అదిమిపట్టుకుంది.