విత్తనాల బుట్టలో ఉత్తరం

ఆ ఉదయం సర్వేశ్వరరావు మాస్టారు రాగి అంబలి తాగి, మూతి తుడుచుకుని, కూతురి ముందు ఒక కాగితం పెట్టారు. పక్క ఊరి హైస్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం. సాయంత్రంలోగా సంతకం పెట్టకపోతే ఇంకొకరికి పోతుంది.

కనక తలెత్తలేదు. వాల్తేరులో డాక్టరేటు చేసిన పిల్ల. పరమాణువులు నడిచే సూత్రాలతోనే లెక్కలు చేసే యంత్రం సాధ్యమని నలభై పేజీలు రాసి, బొంబాయి పరిశోధనాలయానికి పంపింది. అది 1984. అలాంటి యంత్రం భూమ్మీద ఎక్కడా లేదు. చదివి నవ్వినవాళ్లే ఎక్కువ. బొంబాయి నుంచి రెండు నెలలుగా ఉలుకూ పలుకూ లేదు.

“లేని యంత్రానికి ఎన్నాళ్లమ్మా ఈ లెక్కలు?” అన్నారు మాస్టారు. కసిరినా బాగుండేది, ఎదురు చెప్పేది. ఆయన గొంతులో బాధ విని కనక కలం తీసింది.

అంతలో తల్లి దేముడమ్మ, విత్తనాలు చల్లేముందు కొండజనం చేసుకునే ఇటుకల పండగ ముగించుకుని, పూజారి దీవించిన విత్తనాల బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. చోళ్ల, అంటే రాగి, గింజల్లోంచి పసుపంటిన కవరు తీసి కూతురి చేతికిచ్చింది. వచ్చి పది రోజులైందట.

కనకకి ఒళ్లు మండింది. తిండి సయించక తిరుగుతుంటే చూస్తూ ఎలా ఊరుకున్నావని తల్లి మీద విరుచుకుపడింది.

“పండగ కాకుండా కొత్త మామిడికాయైనా ముడతామేటి? బొంబాయిదని పోస్టుమేను సెప్పినాడు. నీ కొత్త పంట గదా, శంకుదేవుడికి సూపించకుండా ఎలాగిత్తాను?” అంది దేముడమ్మ. ఆలస్యమైతే పోయే సంగతి ఒకటుంటుందని ఆ తల్లికి తట్టనేలేదు. తల్లి మనసు బంగారమే గానీ, ఒక్కోసారి కొంప ముంచుతుంది.

కనక కవరు చింపింది. “ఈ దారిలో పనిచేసేవాళ్లు మా దగ్గర ఎవరూ లేరు. వచ్చి మీరే మొదలుపెట్టండి” అని రాశారు. ఇరవై ఐదులోగా చేరాలి. ఆ రోజు ఇరవై ఒకటి.

“బతికాం,” అని అక్కడే కూలబడి ఏడ్చేసింది. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని ఉత్తరం రెండుసార్లు చదివారు. ఉద్యోగం కాగితం తీసి భార్యకిచ్చారు.

దేముడమ్మ ఆ కాగితంలో గుప్పెడు చోళ్లు పొట్లం కట్టి కూతురి కొంగున ముడేసింది.

“ఇత్తనం సల్లిన్నాడే పంట అవుపడతాదేటి మాస్టారూ? లే గుంటా, బేగి లే. బండి ఎలిపోద్ది.”