మూడు వేషాల క్రిమి

"ఇది మళ్లీ లేస్తాదేటి బాబూ? నాకైతే లేవదనే అనిపిస్తంది," అంది జోగమ్మ.

అప్పటికింకా ఆమె కూతురి ముఖం కూడా చూడలేదు. స్ట్రెచర్ వ్యాన్‌లోంచి దిగనేలేదు. ఏజెంట్ ఆమోసు తల దించుకుని తలుపు తీశాడు.

1999 ఆగస్టు. ఖరగ్‌పూర్, తాల్‌బగీచా. రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన భర్త పోయాక జోగమ్మ కట్టుకున్న రెండు గదుల ఇల్లు. వీధిలో అందరికీ ఆమె కూతురు హైమవతి కలకత్తాలో టైపిస్టు. జోగమ్మకీ అంతే తెలుసు. అసలు హోదా ఏజెంట్ హెచ్-సెవెన్ అని ఆ పొద్దున్నే తెలిసింది.

ఏడాదిపాటు హైమవతి ఒక విదేశీ ముఠాలో ఉంది. అక్కడ ఆమె పేరు వేరు, ఊరు వేరు, భాష కూడా వేరు. మన ఏజెంట్లు నలుగురిని శత్రువుకు అమ్మేసిన 'డేలియా' అనే డబుల్ ఏజెంట్‌ను ఎదురుగా చూసి బతికున్నది ఆమె ఒక్కతే. పట్టుబడింది. అడవి క్యాంపులో మూడు నెలలు పడి ఉంది. తప్పించుకుని వచ్చేసరికి మూతి ఒక పక్కకు జారిపోయింది, మోకాళ్లు వాచాయి, మాట లేదు. ఎడమ కన్ను నిద్రలో కూడా మూతపడడం లేదు. ఆ కన్ను తననే చూస్తోందని జోగమ్మ మంచం ఎటు వేసినా అటే కూర్చునేది.

చీఫ్ ఆర్డర్ క్లుప్తంగా ఉంది. ఆమె మాట్లాడాలి. అంతవరకూ బతకాలి.

గేటు దగ్గర గణపతిరావు కాపలా, రిటైర్డ్ ఫిట్టర్ వేషంలో. "మెయిల్ లేటా?" అని అతను అడగాలి, "రైట్ టైమే" అన్నవాళ్లనే పంపాలి. సర్కారు కార్డుతో వచ్చినవాళ్లయితే కార్డు చూడాలి.

నాలుగో రోజు డాక్టర్ ఆర్థర్ బ్రీఫింగ్ ఇచ్చాడు. వొంటి మీది గుండ్రటి ఎర్రమచ్చ ఆనవాలు చూసి అతనికి అనుమానం తట్టింది. అడవి పిడుదు కుట్టింది. జబ్బు పేరు లైమ్. రక్తపరీక్షలో ఏమీ దొరకలేదు కదా అని ఆమోసు అడిగాడు.

"దొరకదు. అది మీ వృత్తిలోదే," అన్నాడు ఆర్థర్.

అతను చెప్పింది ఇదీ. పిడుదు లాలాజలమే ముందు మన వొంటి కాపలావాళ్లను జోకొడుతుంది. ఆ సందులో జబ్బు తెచ్చే మెలికల క్రిమి లోపలికి దిగుతుంది. పిడుదులో ఉన్నప్పుడు ఒక కోటు, మనిషిలోకి రాగానే ఇంకొకటి. తరవాత తన దగ్గర దాచుకున్న గుడ్డముక్కలు అతికి పైకోటును మార్చి మార్చి కుట్టుకుంటుంది. వొళ్లు నిన్నటి కోటును గుర్తుపట్టేసరికి నేడు ఇంకో కోటు. పైగా మన రక్తంలోని ప్రోటీన్‌నే బిళ్లలా తగిలించుకుంటుంది. కాపలావాళ్లు చూసి మనవాడే అని వదిలేస్తారు. కీళ్లలో, నరాల్లో దాక్కుంటుంది.

"మరి పట్టుకోడం?"

"ఎన్ని కోట్లు మార్చినా అందులో ఒక్క ముక్క మారదు. కొత్త పరీక్ష ఆ ముక్కనే వెతుకుతుంది. మందుకి కోటుతో పనిలేదు, కోటు కింద క్రిమి గోడనే కూలుస్తుంది. డ్రిప్ ఇవాళే పెడుతున్నాను."

జోగమ్మకు సగమే అర్థమైంది. ఆ సగమే ఆమెను నిద్రపోనివ్వలేదు. మనవాళ్లలాగే ఉండేది ఏదో ఇంట్లో తిరుగుతోందని, గిన్నె మూత జరిగినా ఉలిక్కిపడేది.

నిజానికి తిరుగుతూనే ఉంది. మొదటిరోజు రక్తం తీయడానికి బెంగాలీ దీదీ వచ్చింది. కార్డు అసలుదే. మూడోరోజు మలేరియా సర్వే హెల్త్ వర్కర్ వచ్చింది, కళ్లద్దాలు, పుస్తకం, అసలు కార్డు. రెండుసార్లూ ఆమోసు మంచం పక్కనుంచి కదల్లేదు. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన కూటం ఆడవాళ్లు ఏడుగురు వచ్చారు, ముందు కృపమ్మ. వాళ్లలో ఒకామె తెల్లచీరలో కూడా వీధంతా తిరిగి చూసేంత అందంగా ఉంది. పక్కనే ఉన్న హిజ్లీలో కొత్తగా దిగానని చెప్పి దారిలో కృపమ్మతో కలిసిందట. గణపతిరావు కోడ్ అడగలేదు. ప్రార్థనకొచ్చినోలిని పాసడగడం ఈ ఊళ్లో ఎక్కడైనా ఉందా అని తరవాత ఎదురడిగాడు.

కృపమ్మ ప్రార్థన మొదలెట్టింది. తలల మీద కొంగులు, మూసుకున్న కళ్లు. ఆమోసు కూడా చిన్నప్పటి అలవాటుగా కళ్లు మూశాడు. గదిలో తెరిచి ఉన్నవి హైమవతి కళ్లు, జోగమ్మవి. రెప్ప వేస్తే కూతురి ఊపిరి ఆగిపోతుందని జోగమ్మ భయం.

కొత్తామె కిటికీ పక్క స్టూలును నెమ్మదిగా తలుపు పక్కకు లాక్కుంది. పాటల పుస్తకం తెరిచింది. లోపల కాగితాలు తొలిచిన గూడు, అందులో సిరంజి.

"ఆమోసు బాబూ, ఆ రక్తం దీదీ కూడా స్టూలు ఇటే లాగింది. మలేరియా ఆవిడా ఇటే లాగింది," అంది జోగమ్మ, ప్రార్థనకు అడ్డమొస్తున్నందుకు సిగ్గుపడుతూనే.

కొత్తామె తిరగలేదు. జోగమ్మ నిలబడింది ఆమె కుడిపక్క, ఎడమపక్క కృపమ్మ గొంతెత్తి ప్రార్థిస్తోంది. సూది డ్రిప్ గొట్టానికి ఆనింది. ఆమోసు కూడా కుడివైపు నుంచే వెళ్లాడు, మణికట్టు దొరికేదాకా ఆమెకు అడుగుల చప్పుడు తెలియలేదు. సిరంజి నేలమీద పగిలింది. కృపమ్మ ఆమెన్ అనేసరికి డేలియా చేతులకు సంకెళ్లున్నాయి.

పాత పేలుడులో డేలియాకు కుడి చెవి పోయింది. కార్డులు, కళ్లద్దాలు, చీరలు అన్నీ మార్చింది గాని, ఎడమ చెవిని మనుషుల వైపు పెట్టుకు కూర్చోడం మార్చలేకపోయింది.

ఆమోసుకు ఒక్క ప్రశ్న మిగిలింది. హెచ్-సెవెన్ ఇల్లు ఇదని డేలియాకు ఎవరు చెప్పారు? తెలిసినవాళ్లు చీఫ్, ఆర్థర్, గణపతిరావు, తను. డేలియా నోరు విప్పలేదు. ఆమోసు గణపతిరావు ఇచ్చిన టీ తాగడం మానేశాడు. ఆర్థర్ మందు ఎక్కిస్తుంటే సీసా మీది పేరు రెండుసార్లు చదివేవాడు. రోజూ హైమవతిని అదే ప్రశ్న అడిగేవాడు, ఆమె రోజూ గోడకేసి చూసేది.

డ్రిప్ పంతొమ్మిదో రోజు ఆమె ఎడమ కన్ను నిద్రలో మూతపడింది. చచ్చిపోయిందనుకుని జోగమ్మ పెట్టిన కేకకు హైమవతి లేచి కూర్చుంది. ఆమోసు నోట్‌బుక్ తీసి మళ్లీ అడిగాడు. ఈసారి ఆమె గోడకేసి చూడలేదు.

"నేనే సార్," అంది హైమవతి, వంకర పెదవితోనే. "ఆ క్యాంపులో జొరంలో డేలియా సెయ్యి పట్టుకుని మాయమ్మే అనుకున్నాను. ఇంటికి తీస్కెల్లమని అడ్రసు కూడా సెప్పినాను."