మూడో కప్పు

"ఒక కప్పు అన్నమే పెట్టమన్నాను కదండీ. మరి షుగర్ ఎందుకు దిగలేదు?" అంది డైటీషియన్, రిపోర్టులోంచి తలెత్తకుండానే.

"మా నాన్న ఒక్క కప్పే తింటున్నారు. మీ లెక్కే ఎక్కడో తప్పింది," అన్నాను. నేను దర్జీని. కొలత తప్పానంటే ఊరుకోను.

అప్పుడు తలెత్తి చూసింది. అంత పెద్ద కళ్లని ముందే చెప్పి ఉంటే గొంతు పెంచేవాణ్ణి కాదు.

షుగర్ దిగితేగాని నాన్నకి కంటి ఆపరేషన్ చేయరు. ఆయన అప్పటికే పేపరు ముక్కుకి ఆనించుకుని చదువుతున్నారు. నా భయమంతా అదే.

"రేపు ఆ కప్పు తీసుకురండి, చూద్దాం," అంది.

మర్నాడు నాన్న సంచిలోంచి కప్పు తీసి టేబుల్ మీద పెట్టారు. రెండు చెవులతో తళతళలాడుతోంది. డ్రిల్లు మాస్టారుగా ఉన్న రోజుల్లో ఆయన వాలీబాల్ జట్టు గెలిచిన కప్పు అది. మధ్యాహ్నం నేను షాపులో ఉంటాను, ఆయనే వడ్డించుకుంటారు. నాకేం తెలుసు?

"ఇదేంటి మాస్టారూ?"

"కప్పేగా తల్లీ నువ్వు చెప్పింది. మా ఇంట్లో కప్పంటే ఇదొక్కటే. మిగతావన్నీ గ్లాసులు."

ఆమె పెదవి కొరుక్కుని ఆపుకోబోయింది, ఆగలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆ నవ్వు చాలా బాగుంది.

తర్వాత చిన్న కప్పు, కాటా ముందు పెట్టుకుంది. "అన్నం వదులుగా నింపి, పైన తలకొట్టి చదును చేస్తే నూట యాభై గ్రాములు, కాస్త అటూ ఇటూ. అదిమితే అదే కప్పులో రెండొందలు పడుతుంది."

"అంటే బట్ట సాగదీసి కొలిచినట్టు."

"అదే. మీరు సాగదీయకండి, మాస్టారు అదమకూడదు." పెద్ద కప్పు మాత్రం తన దగ్గరే ఉంచేసుకుంది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం ఇంటికొచ్చి, నేనే కొలిచి ఆమెకి ఫోటో పంపేవాణ్ణి. "మాస్టారు అదిమారు. వేలి గుర్తు కనిపిస్తోంది," అని జవాబొచ్చేది. మెత్తగా ఉడికిన అన్నం బరువెక్కువా, పొడిగా ఉంటే తక్కువా అని లేనిపోని డౌట్లన్నీ అడిగేవాణ్ణి. అన్నిటికీ ఓపిగ్గా చెప్పేది.

చివరికి షుగర్ దిగింది. ఆపరేషన్‌కి డేటు కూడా ఇచ్చారు.

"ఇక మీరు రానక్కర్లేదు," అంది ఆమె. ఆ మాట అంటున్నప్పుడు ఆ ముఖంలో సంతోషం లేదు. నాకైతే ఏడుపొక్కటే తక్కువ.

బయట వాన. నాన్న లేచి నా వైపు చూశారు. "నీకేదో డౌటుందన్నావుగా, అడుగు. నేను వరండాలో ఉంటా."

నేను అలా అననేలేదు.

"కప్పు బియ్యం వండితే ఎంత అన్నమవుతుందండీ?"

"సుమారు మూడు కప్పులు."

"ఇంట్లో మేమిద్దరమే. మూడో కప్పు మిగిలిపోతోంది. అది మీరొచ్చి తింటే బాగుండునని... మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

ఆమె కాటా వంక చూస్తూ కూర్చుంది. దాని మీద ఏమీ లేదు.

"వస్తాను. మామయ్యగారికి మాత్రం మారు వడ్డించకూడదు."

మాస్టారు కాస్తా మామయ్యగారైపోయారని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. వరండాలో నాన్నకి వెంటనే అర్థమైంది.

"అమ్మాయీ, పెళ్లి భోజనం మటుకు నా కప్పులోనే పెట్టాలి."

"అలాగే మామయ్యగారూ," అంది ఆమె. "ఆ ఒక్క పూటా కాటా దాచేస్తాను."