పస్తుల సోమవారం

2069లో సూర్యనగర్‌లో మూడు నెలలకొకసారి, కొలత జరిగే సోమవారం నాడు, ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగేది కాదు. ఆ ఊరివాళ్లు మైళ్ల కొద్దీ పరిచిన సౌరఫలకాలు కడిగి బతుకుతారు. కడిగే రోబోలు వచ్చాక మనుషులకు పని వారానికి మూడు రోజులే మిగిలింది. తక్కిన రోజుల్లో పిల్లల కడుపు నింపేది ప్రభుత్వమిచ్చే బాలభృతి. అది ఎవరికివ్వాలో తేల్చేది ఆకలిమాపకం. ఊరివాళ్లు మాత్రం దాన్ని ఊదుడుమిషన్ అంటారు.

చూడటానికి అది మంచినీళ్ల ఫిల్టరంత ఉంటుంది. గొట్టంలోకి ఊదితే శ్వాసలోని వాయువులను విడదీసి చూస్తుంది. వేలిమీద పడే సన్నటి కాంతితో నెత్తుటిలోని చక్కెరనూ, గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్‌నూ పసిగడుతుంది. వేలిముద్రతో మనిషి పేరు గుర్తించి, అన్నీ కలిపి సున్నా నుంచి వంద దాకా ఒక అంకె చెబుతుంది. అరవై దాటితే భృతి, దాటకపోతే లేదు. ఆదాయ పత్రాలు, సంతకాలు, సిఫార్సులు అన్నీ ఒక్క దెబ్బకు ఎగిరిపోయాయి. దాన్ని కనిపెట్టిన డాక్టర్ వేణుమాధవ్ “కడుపు అబద్ధమాడదు” అని ప్రతి సభలో చెప్పి చప్పట్లు కొట్టించుకునేవారు. ఒకసారి నమోదైన అంకెను మంత్రి కూడా చెరపలేడని ఆయనకు మహా గర్వం.

కడుపు అబద్ధమాడదు, నిజమే. కానీ దాన్ని మాడ్చవచ్చు కదా! ఈ సంగతి పెద్ద చదువులు చదివిన డాక్టరుగారికి తట్టలేదు గానీ, ఊళ్లో తల్లులకు మొదటి ఏడే అర్థమైంది. ఆదివారం మధ్యాహ్నం నుంచే పిల్లలకు అన్నం బందు. పక్కింటికి కూరగిన్నె పంపడం కూడా బందు.

పోయినసారి స్వరూప కూతురు, ఆరేళ్ల చైత్ర, వరుసలో కళ్లు తిరిగి పడిపోయింది. లేపి ఊదిస్తే డెబ్బై ఎనిమిది వచ్చింది. ఆ అంకె చూసి స్వరూప “హమ్మయ్య” అనుకుంది. ఆ తర్వాత ఆ హమ్మయ్యే ఆమెను మూడు నెలలు కాల్చుకు తింది. బిడ్డ పడిపోతే సంతోషించాను, నేనేం తల్లిని అని తనమీద తనకే అసహ్యం వేసింది.

ఈ సోమవారం డాక్టరుగారే స్వయంగా కొలతకు వచ్చారు. చేతిలో పాలూ చక్కెరా లేని కాఫీ ఫ్లాస్కు. స్వరూప వరుసలో మొదటనే నిలబడి, అందరూ చూస్తుండగా టిఫిన్ డబ్బా మూత తీసి చైత్రకు పప్పన్నం కలిపి పెట్టసాగింది. మనవడితో వెనకే నిలబడ్డ పక్కింటి పోశవ్వ గుండెలు బాదుకుంది.

“పిచ్చి లేసిందానే నీకు? మూడు నెలలు పిల్లకు ఏం పెడతవు?”

“ఇయ్యాలైతే పెడుతున్న గద, అత్తా.”

కడుపునిండా తిని, చైత్ర ఊదింది. తొమ్మిది. “అర్హత లేదు. భృతి నిలిపివేయబడింది” అంది యంత్రం.

“తినిపించి తీసుకొస్తే ఎలాగమ్మా?” అన్నారు వేణుమాధవ్.

“తినిపియ్యనీకే గద సారూ మీరు పైసలిచ్చేది? మీరిచ్చిన పైసలతోనే తిన్నది. మందు పనిచేసిందని మందు ఆపుతరా?”

“అది కాదమ్మా. నిజంగా ఆకలున్న వాళ్లెవరో తెలియాలి. యంత్రానికి పక్షపాతం ఉండదు.”

“అట్లనా? అయితే మీరు ఊదుండ్రి.”

వరుసంతా గొల్లుమంది. ఆయనా నవ్వుతూనే వేలు పెట్టి, వంగి ఊదారు. పదకొండేళ్లలో తన యంత్రంలోకి ఆయన ఊదడం అదే మొదటిసారి.

ఎనభై ఆరు. “తీవ్రమైన ఆకలి. ఈ బిడ్డను తక్షణం ఆదుకోవాలి. వేణుమాధవ్ పేరు జాబితాలో చేర్చబడింది.”

ఆయన ముఖం కందిపోయింది. “నేను... బరువు తగ్గాలని నిన్నటి నుంచి ఏమీ తినలేదు” అన్నారు మెల్లగా.

“మీరు పొట్ట తగ్గనీకే పస్తున్నరు. మా పిల్లలు బువ్వ కోసం పస్తుంటున్నరు. మీ మిషన్‌కు రెండూ ఒక్కటే!” అంది స్వరూప కోపంగా. “ఇగ తినుండ్రి సారూ. ఆకలైతున్నోళ్లను మేమట్ల చూసుకుంట నిలబడం.”

ఆమె డబ్బా మూతలో పెట్టిచ్చిన పప్పన్నాన్ని ఆయన కాదనలేకపోయారు. ఆయన తింటుంటే పోశవ్వ ఊరుకోలేకపోయింది. మనవణ్ణి రెక్క పట్టుకుని వరుసలోంచి బయటికి లాగింది.

“పా బిడ్డా, మనం గూడ తినే వద్దాం. వాళ్లియ్యకుంటే అప్పుడే కొట్లాడుదాం.”

పావుగంటలో వరుస ఖాళీ అయింది. మొట్టమొదటిసారి కొలత రోజున ఇంటింటా పొయ్యి వెలిగింది. తిరిగొచ్చిన పిల్లలు మూతులు తుడుచుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ ఊదారు. ఒక్కరికీ ఇరవై దాటలేదు.

మధ్యాహ్నం రెండింటికి యంత్రం జాబితాను దానంతటదే రాజధానికి పంపేసింది. ఊళ్లో పిల్లలు నూటపన్నెండు మంది. అర్హులు ఒకే ఒక్కరు: డాక్టర్ వేణుమాధవ్, వయసు యాభై రెండు.

ఐదు నిమిషాల్లో బాలభృతి కమిషనర్ నుంచి ఫోను వచ్చింది. డాక్టరుగారి వేళ్లకు ఇంకా అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి. ఆయన స్పీకర్ నొక్కారు.

“ఏమిటండీ ఈ జాబితా? యంత్రం చెడిపోయిందా?”

“లేదు సార్. సరిగ్గానే ఉంది. పిల్లలందరూ తిన్నారు.”

“అయితే ఇంకేం! ఆ ఊరికి భృతి ఆపేద్దాం. తిన్నవాళ్లకు ఎందుకు సాయం?”

వేణుమాధవ్ నోరు తెరిచే లోపే స్వరూప ముందుకొచ్చి ఫోను అందుకుంది.

“నమస్తే సారూ, నేను చైత్ర వాళ్లమ్మను. మీరు అన్నం తిన్నరా?”

ఎవరైనా అడిగితే అందరం చెప్పినట్టే ఆయనా అలవాటుగా చెప్పేశారు. “ఆఁ, ఇప్పుడే తిన్నానమ్మా.”

“అయితే ఈ నెల నుంచి మీ జీతం ఆపుకోండ్రి.”

ఫోను వెనక్కివ్వమని వేణుమాధవ్ చెయ్యి చాపలేదు.