ఇరవై రెండు సెకన్లు

ఆమె నాతో మొదటిసారి మాట్లాడింది తిట్టడానికే.

మాది అంబులెన్సులు పంపే కంట్రోల్ రూమ్. కింద హాల్లో ఫోన్లు తీసేవాళ్లు పన్నెండు మంది. వాళ్లని పేర్లకన్నా సీటు నంబర్లతోనే పిలుస్తారు. పైన గాజు గదిలో సర్వర్లు చూసుకునేవాణ్ని నేను. ఒకరోజు ఏడో సీటు అమ్మాయి హెడ్‌సెట్ మెడలో ఉండగానే మెట్లెక్కి వచ్చింది. స్క్రీన్ అస్తమానం నిలిచిపోతోందని, అవతల మనిషి ప్రాణం కొట్టుకుంటుంటే తను బొమ్మలా కూర్చోవాల్సి వస్తోందని నన్ను కడిగేసింది. నేను తాపీగా గ్రాఫ్ చూపించాను. సగటున నలభై మిల్లీసెకన్లేనని, రెప్పపాటులో సగం కూడా కాదని చెప్పాను.

“సగటుకి గుండెపోటు రాదండీ. మనిషికొస్తుంది,” అంది.

ఆ రోజు నుంచి నా పేరు సగటుగారు. క్యాంటీన్లో కనిపిస్తే చాలు, ఇవాళ సగటున ఎన్ని టీలు తాగారని అడిగేది. నాకు కోపం రావాలి, వస్తే ఒట్టు. ఒక సాయంత్రం జోరున వాన. ఆమె గొడుగులో ఇద్దరం బస్టాప్ దాకా నడిచాం. సగటున ఎవరం తడవలేదని, కాకపోతే నా ఎడమ భుజం పిండితే బకెట్ నీళ్లొస్తాయని ఆమే లెక్క తేల్చింది. నేను పూర్తిగా పడిపోయింది ఆ బస్టాప్‌లోనే.

ఆమె కోసమని చేసిన పనే కొంప ముంచింది.

సర్వర్ పనిచేసేకొద్దీ మెమొరీలో చెత్త పోగవుతుంది. అది నిండినప్పుడల్లా సర్వర్ అందరినీ ఆగమని ఊడ్చుకుంటుంది. స్క్రీన్లు నిలిచేది అప్పుడే. ఇల్లు పెద్దదైతే చెత్త త్వరగా నిండదు కదా అని మెమొరీని నాలుగింతలు పెంచాను. నిజంగానే ఐదు రోజులపాటు ఒక్క స్క్రీన్ ఆగలేదు. ఆమె మళ్లీ మెట్లెక్కి వచ్చి, ఈసారి నవ్వి వెళ్లింది. నా కాళ్లు నేలమీద నిలవలేదు. అంత పెద్ద ఇంటిని ఊడ్చాల్సిన రోజొస్తే ఎంతసేపు పడుతుందో మాత్రం ఆలోచించలేదు, వెధవని.

ఆరో రోజు మధ్యాహ్నం ఒక వడ్రంగికి గుండెపోటు వచ్చింది. ఆయన భార్య ఫోన్ చేస్తే కాల్ ఏడో సీటుకి వెళ్లింది. అంబులెన్స్ చేరేసరికి ఆయన పోయాడు. కాస్త ముందు వెళ్లుంటే బతికేవాడా అంటే డాక్టరు చెప్పలేనన్నాడు. రికార్డు చూస్తే, పంపే బటన్ ఇరవై రెండు సెకన్లు ఆలస్యంగా నొక్కినట్టు ఉంది. ఆమెను సీట్లోంచి లేపేశారు. విచారణ శుక్రవారం అన్నారు.

ఆ రికార్డు రాసేది సర్వరే. సోమవారం పొద్దున, సర్వర్ తన ప్రతి కదలికా రాసుకునే లాగ్ తెరిచి చూశాను. సరిగ్గా ఆ నిమిషంలోనే సర్వర్ ఇరవై రెండు సెకన్లు ఊడ్చుకుంటూ ఆగిపోయింది. ఆమె వేలు వేళకే పడింది. సర్వర్ మేలుకున్నాక దాన్ని చూసి, మేలుకున్న టైమే రాసుకుంది. నా గ్రాఫ్ నడిచేదీ ఆ సర్వర్‌లోనే కాబట్టి, అది ఆగినంతసేపూ గ్రాఫూ కళ్లు మూసుకుంది.

సోమవారం చెప్పలేదు. మంగళవారమూ చెప్పలేదు. ఉద్యోగం గురించి కాదు, ఆమె ముఖం గురించి భయపడ్డాను.

బుధవారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసిన వాళ్లక్క సగటుగారు మీరేనా అని నన్ను పోల్చుకుని, దాని చేత నాలుగు ముద్దలు తినిపిస్తే పుణ్యముంటుందంది. లోపల ఆమె ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, ఖాళీ బల్లమీద వేళ్లతో ఆ వడ్రంగి అడ్రస్ కొడుతోంది.

“ఎన్నిసార్లు కొట్టినా తొమ్మిది సెకన్లు దాటట్లేదు,” అంది. “ఆ రోజు ధ్యాసంతా ఆవిడ ఏడుపు మీదే, స్క్రీన్ ఆగిందో లేదో కూడా చూడలేదు. అంతసేపు ఏం చేశానో గుర్తురావట్లేదండీ. నేనే చంపేశానేమో.”

“ఆ ఆలస్యం మీది కాదు. నాది,” అని మొత్తం చెప్పాను.

ఆమె చివరిదాకా వింది. “ఎప్పుడు తెలిసింది మీకు?”

“సోమవారం పొద్దున.”

“ఇవాళ బుధవారం,” అంది. అక్క మర్యాదగానే తలుపు చూపించింది.

శుక్రవారం లాగ్ కాగితాలు విచారణ బల్లమీద పెట్టాను. ఆమెమీద నింద పోయింది. నన్ను రెండు వారాల్లో సర్వర్ బాగుచేసి వెళ్లిపొమ్మన్నారు. మెమొరీ తగ్గించాను. పని ఆపకుండా కొంచెం కొంచెంగా ఊడ్చుకునే పద్ధతికి మార్చాను. సగటు చూడటం మానేసి, అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగిన సమయాన్నే పట్టుకుని కూర్చున్నాను. చివరికి అది ముప్పై మిల్లీసెకన్లు దాటలేదు. బటన్ నొక్కిన టైము ఎవరిది వాళ్ల కంప్యూటర్లోనే నమోదయ్యేలా చేశాను. ఇంత చేసినా పోయిన మనిషి రాడు.

చివరి రోజు గేటు దగ్గర ఆమె నిలబడి ఉంది. ఎన్నాళ్లనుంచో దాచుకున్న మాట చెప్పేద్దామని నోరు తెరిచాను.

“ఆ మాట తర్వాత చెబుదురుగాని,” అంది. “ఆ వడ్రంగి భార్యకి ఇంతవరకూ ఎవరూ ఏమీ చెప్పలేదట. నేనొక్కదాన్నే వెళ్లలేను. వస్తారా?”

వడ్రంగి వాళ్లది మూడో అంతస్తు. మెట్లెక్కుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. తలుపు తీసినావిడ మమ్మల్ని ఎగాదిగా చూసింది. ఏడో సీటు నమస్తే అమ్మా అనగానే ఆవిడ ముఖం మారిపోయింది. గొంతు గుర్తుపట్టింది.

“వస్తున్నారు, వస్తున్నారు అని ఫోన్లో చెప్పింది నువ్వే కదమ్మా,” అంది.

అవునని ఆమె తలూపింది. ఇక నా వంతు. ఎవరి తప్పో, ఎంతసేపో, ఎందుకో, నీళ్లు నమలకుండా చెప్పాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. ఇరవై రెండు సెకన్లా అని ఒక్కసారి అడిగి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మేం అక్కడే నిలబడిపోయాం. ఆమె నా చెయ్యి వదల్లేదు.